నొక్కితే పలికే నంబరు

ఆ ఉదయం పాస్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే: చర్చి వెబ్‌సైటును ఫోన్లో చదవగలిగేలా చేయించడం. కంప్యూటర్లో నిండుగా కనిపించే సైటు ఫోన్లోకి వచ్చేసరికి చీమలబారైపోయేది. ఆరాధన వేళలు చూడాలంటే రెండు వేళ్లతో సాగదీసి, పక్కకు జరిపి, కళ్లద్దాలు వెతుక్కోవాలి. అంత తంటాలు పడ్డాక కనిపించేవి పోయినేటి వేళలు.

బావమరిది వంటింటి బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నానికల్లా అక్షరాలు పెద్దవి చేశాడు, వేళలు సరిచేశాడు, అడుగున అరచేయంత ఎర్ర బటను పెట్టాడు: “ప్రార్థన కావాలా? నొక్కండి.”

“నొక్కితే ఏమవుతుంది?” పాస్టరుగారు ఆత్రంగా అడిగారు.

“నేరుగా మీకే ఫోనొస్తుంది బావగారూ. ఇక మీకు తీరికుండదు చూడండి.”

రెండు రోజులు ఫోను పక్కనే కూర్చున్నారు. అది కిక్కురుమనలేదు. “సంఘంలో ఎవరికీ ఏ కష్టమూ లేదంటావా?” అని భార్యనడిగారు.

“మీకు చెప్పుకునేంత కష్టం లేదేమోలెండి,” అందావిడ బట్టలు మడతపెడుతూ.

అసలు సంగతి వేరు. బటను పనిచేస్తుందో లేదో చూడడానికి బావమరిది తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు పెట్టాడు. అది వాళ్లమ్మది. తర్వాత మార్చడం మరిచాడు. పైగా బటను ఎంత పెద్దదంటే, పేజీ జరపబోయిన ప్రతి బొటనవేలూ దాని మీదే పడేది. వేళలు చూద్దామని వచ్చినవాళ్లంతా పాస్టరుగారి అత్తగారి దగ్గర తేలేవారు. రిటైరైన నర్సు ఆవిడ. అల్లుడుగారు తన మీద నమ్మకంతో ఈ బాధ్యత అప్పగించారనుకుని మురిసిపోయింది.

“పొరపాటున తగిలిందండీ,” అన్నవాళ్లనూ వదల్లేదు. “తగిలితే తగిలిందిలే. ఇంట్లో అందరూ బాగున్నారా? ఎందుకలా నీరసంగా ఉన్నావు?” అనేది. అంతే, అవతలివాళ్లు కరిగిపోయి కడుపులో ఉన్నదంతా కక్కేసేవారు.

శుక్రవారం కుట్టుపని చేసే ఆవిడ పాస్టరుగారి దగ్గరికి వచ్చింది. “ఫోన్లో అమ్మగారు చెప్పినట్టే చేశానండీ. మా తోడికోడలు మళ్లీ మాట్లాడుతోంది!”

“ఏ అమ్మగారు?”

“అదేనండీ, మన చర్చి అమ్మగారు.”

ఆమె వెనకే వడ్రంగి వచ్చాడు, అదే అమ్మగారికి దండాలు చెప్పుకుంటూ. పాస్టరుగారు ఉండబట్టలేక అతని ఫోను అడిగి తీసుకుని, గదిలోకి వెళ్లి బటను నొక్కారు. “హలో” వినగానే అది అత్తగారి గొంతని పోల్చుకున్నారు. పెట్టేయొచ్చు. కాని ఈవిడ జనానికి ఏం చెబుతోందో తెలుసుకోకుండా ఎలా? ముక్కు పట్టుకుని గొంతు మార్చారు.

“అమ్మా, నాది నలుగురిలో మాట్లాడే పని. నా మాటలెవరూ వినడం లేదనిపిస్తోంది.”

“ఎంతసేపు మాట్లాడతావు బాబూ?”

“గంట... గంటంపావు.”

“అందులో చెప్పాల్సింది ఎంతుంటుంది?”

ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. మనసులో లెక్కేసుకుని, “ఇరవై నిమిషాలు,” అన్నారు.

“అదొక్కటే చెప్పు నాయనా. రా, ప్రార్థన చేద్దాం.”

ఆవిడ ప్రార్థన నిమిషమైనా పట్టలేదు. కాని ఆయన దిగులు అందులో ఉన్నదున్నట్టు వినబడింది. పాస్టరుగారికి కళ్లు చెమర్చాయి, ముక్కు వదలకుండానే.

ఆదివారం ప్రసంగం ఇరవై నిమిషాల్లో ముగిసింది. “అప్పుడే అయిపోయిందా?” అని ఎవరో బాధపడ్డారు. సంఘంలో అలాంటి బాధ అదే మొదలు. బావమరిది బిక్కమొహంతో వచ్చి, “నంబరు తప్పు పడింది బావగారూ, ఇప్పుడే మార్చేస్తా,” అన్నాడు.

“దాని జోలికెళ్లావంటే ఊరుకోను,” అన్నారు పాస్టరుగారు.

గుమ్మం దగ్గర అత్తగారు ఎదురయ్యారు. “ప్రసంగం చాలా బాగుందండీ అల్లుడుగారూ. జలుబు తగ్గిందా?”

తగ్గిందన్నారు, ఏడాదిగా జలుబన్నదే ఎరగని పాస్టరుగారు.