రెండుసార్లు వచ్చిన పదకొండుంబావు

"రేపు ఈ గడియారాల మార్పిడిలో ఎవరో ఒకరు పప్పులో కాలేస్తారు, చూస్తూ ఉండు. ఆ వేసేది మనమే అవుతాం," అంది గెర్దా, శనివారం సాయంత్రం చేతి గడియారాన్ని గంట ముందుకు తిప్పుతూ.

"వేసవి వేళకని మార్చి ఆఖరి ఆదివారం డెన్మార్క్ అంతా గడియారాలు గంట ముందుకు తిప్పుతుంది. మనకొక్కళ్ళకే వచ్చిందా?" అన్నాడు భర్త వెర్నర్, పేపరు దించకుండానే.

"డెన్మార్క్ అంతటికీ రేపు కూతురి కచేరీ లేదు."

వాళ్ళమ్మాయి ఆస్టా కంప్యూటరుతో సంగీతం చేస్తుంది. రెండేళ్ళు కూర్చుని పదకొండు నిమిషాల పాట ఒకటి తయారుచేసింది. అందులో ఉన్నదంతా గెర్దా వంటిల్లే: కుర్చీ ఈడ్చిన చప్పుడు, కాఫీ చుక్కలు, సాసరు మీద కప్పు పెట్టిన చప్పుడు. సెకనులో అయిపోయే కుర్చీ చప్పుడును నిమిషం పొడుగునా సాగదీసింది. "నెమ్మదిగా సాగదీస్తేనే దాని లోపల ఏముందో వినబడుతుందమ్మా," అని చెప్పింది. కుర్చీ లోపల చెదలు తప్ప ఇంకేముంటాయని గెర్దా భయం.

ఆదివారం పదింటి ప్రార్థన అయ్యాక, పదకొండుంబావుకు, వాళ్ళ ఊరి చర్చిలోనే కచేరీ. రాజధానిలోని సంగీత స్టూడియోకు పెద్ద అయిన బ్రిక్స్ గారు రైల్లో వస్తున్నారు. ఆయనకు నచ్చితే ఆస్టాకు ఏడాదిపాటు ఆ స్టూడియోలో చోటు. నచ్చకపోతే ఈ పని మానేసి కళ్ళజోళ్ళ దుకాణంలో చేరతానని ఆ పిల్ల అందరి ముందూ అనేసింది.

పాటను ఎవరూ మొదలుపెట్టకూడదని కూడా ఆస్టా పట్టు. ఎవరైనా బొత్తాం నొక్కడం చూస్తే జనం చెవులు రిక్కించి సిద్ధపడతారు. అలా కాక, పాటే చడీచప్పుడు లేకుండా వచ్చి వాళ్ళను పట్టుకోవాలి. అందుకని పాదరీ గదిలో కంప్యూటరు పెట్టి, గోడల వెంట పదహారు స్పీకర్లకు తగిలించింది. "తన గడియారంలో పదకొండుంబావు ఎప్పుడు కనబడితే అప్పుడు అదే మొదలెడుతుంది. నువ్వు మాత్రం ముట్టుకోకు," అని తల్లికి రెండుసార్లు చెప్పింది.

ఆదివారం తెల్లవారగానే వెర్నర్ లేచాడు. మంచం పక్కన పెళ్ళాం చేతి గడియారం కనబడింది. భయాల మధ్య ఇది మరిచిపోయి ఉంటుంది పాపం అనుకుని, దాన్ని ఒక గంట ముందుకు తిప్పి, మంచిపని చేసిన తృప్తితో మళ్ళీ పడుకున్నాడు.

గెర్దా లేచి గడియారం చూసుకుంది. వంటింటి గోడ గడియారం చూసింది. వెర్నర్ రాత్రే తిప్పానన్న గోడది తనదానికంటే గంట వెనక ఉంది. "ఈయన్ని నమ్ముకుంటే ఇంతే," అని గొణుక్కుని దాన్నీ ముందుకు జరిపి, చర్చికి పరుగెత్తింది. అక్కడ నరపురుగు కూడా లేదు. ఎక్కడికైనా గంట ముందే చేరే మనిషి గనుక అదేమీ వింతగా తోచలేదు. తోచిందల్లా పాదరీ గదిలో. కంప్యూటరు కూడా గంట వెనకే ఉంది.

ఆస్టాకు చెబుదామంటే నిద్రపోతూ ఉంటుంది. లేచాక తిన్నగా కారేసుకుని పక్కూరి స్టేషనుకు బ్రిక్స్ గారి కోసం వెళుతుంది. ముట్టుకోవద్దని చెప్పింది నిజమే. కానీ పాట గంట ఆలస్యమైతే ఆయన తిరుగు రైలు ఎక్కేయరూ? పిల్ల బతుకు కళ్ళజోళ్ళ పాలు కాదూ? గెర్దా దేవుణ్ణి తలుచుకుని కంప్యూటరును గంట ముందుకు నెట్టింది. తరవాత చర్చి వంటగదిలో ఎనభై బన్నులకు వెన్న రాస్తూ వేళ సంగతే మరిచిపోయింది. చర్చి గంట మోగగానే వచ్చి బెంచీలో కూర్చుంది.

ఆ చర్చికి పాదరీ ఆడమనిషే. ఆ పాదరీ అమ్మ ప్రసంగం మంచి పట్టులో ఉండగా ఎక్కడినుంచో సన్నగా ఒక మూలుగు లేచింది. ముందు వరస ముసలమ్మలు చెవి యంత్రాలు తీసి చూసుకున్నారు. మూలుగు పెరిగింది. ఆర్గన్ వాయించే హోల్గర్ ఏదో మెట్టు ఇరుక్కుందనుకుని ఆర్గన్‌కు గాలి ఆపేశాడు. అది ఆగలేదు.

"నాది కాదు. నీ బాయిలరే," అన్నాడు పైనుంచి.

"నా బాయిలరుకు ఏ రోగమూ లేదు," అన్నాడు చర్చి కాపలా చూసే ప్రెబెన్. అన్నాడే గానీ కిందికి పరుగెత్తి దాన్ని ఆర్పేసి వచ్చాడు. చర్చి చల్లబడింది. మూలుగు చల్లబడలేదు.

గెర్దా గడియారం చూసుకుంది. పదకొండుంబావు దాటింది. తన కూతురి వేళను తినేస్తూ ఇంకా ప్రసంగం సాగదీస్తున్న పాదరీ అమ్మ మీద ఒళ్ళు మండింది. "గంటంబావునుంచీ చెబుతోంది మహాతల్లి," అంది పక్కావిడతో.

"పావుగంటేగా అయింది," అని ఆవిడ తన గడియారం చూపించింది. పదింబావు.

తన గడియారమే గంట ముందుందని, కంప్యూటరును చెడగొట్టింది తనేనని గెర్దాకు అప్పుడు తెలిసింది.

ఈలోగా పాదరీ అమ్మ పుస్తకం మూసింది. "ఇదేమిటో తేలేదాకా మౌనంగా ప్రార్థిద్దాం," అంది. ఊరంతా కోట్లు బిగించుకుని, ఏ వైపునుంచి ఏం పేలుతుందోనని ఊపిరి బిగబట్టి వింది. ఒక్క చుక్క, ఒక్క కిర్రు వదలకుండా వింది. చివరికి అంతా సద్దుమణిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పాదరీ అమ్మ "ఆమెన్" అంది. సద్దుమణిగిన ఇరవై సెకన్లకు టుక్కుమని ఒకే ఒక్క చప్పుడైంది. ముసలమ్మలు ఎగిరిపడ్డారు. అప్పుడు నిజంగానే అయిపోయింది.

ఆఖరి కీర్తన పాడుతుండగా గెర్దా పాదరీ గదిలోకి జారుకుని, కంప్యూటరును గంట వెనక్కి లాగింది.

పదకొండింటికి ఆస్టా బ్రిక్స్ గారిని వెంటబెట్టుకుని వచ్చింది. గెర్దా చెప్పబోయింది.

"అమ్మా, నీకో దణ్ణం. ఇప్పుడు ఏ భయమూ చెప్పకు," అని ఆ పిల్ల వెళ్ళి బెంచీల నడుమ స్పీకర్ల చప్పుడును నడిపే మీటల ముందు కూర్చుంది.

పదకొండుంబావు మళ్ళీ వచ్చింది. సన్నగా మూలుగు లేచింది.

"చెప్పానా, బాయిలరు కాదని," అని గొణిగాడు ప్రెబెన్. ఊరివాళ్ళంతా తెలిసిన కీర్తన విన్నట్టు విన్నారు. కుర్చీ చప్పుడు రాబోయే ముందే ముసలమ్మలు తలలూపారు. ఆస్టా దాన్ని ఎడమగోడ నుంచి కుడిగోడకు నడిపిస్తుంటే మెడలు దానితోపాటే తిరిగాయి. పాట సద్దుమణిగింది. బ్రిక్స్ గారు చప్పట్లకని చేతులు లేపారు. చుట్టూ చూస్తే ఒక్కరూ కదలడంలేదు. సిగ్గుపడి దించేశారు. ఇరవై సెకన్లు గడిచాయి. టుక్. ఆ క్షణానే చర్చి అంతటా ఒక్కసారిగా చప్పట్లు మోగాయి.

కాఫీ దగ్గర బ్రిక్స్ గారు కప్పు పక్కన పెట్టేశారు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ సంగీతం వింటున్నాను. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో తెలిసిన జనాన్ని ఎక్కడా చూడలేదు. వాళ్ళను అలా పట్టి కూర్చోబెట్టింది ఈ పాట. సెప్టెంబరు నుంచి స్టూడియోకి వచ్చెయ్, ఆస్టా," అన్నారు. తరవాత గెర్దా వైపు తిరిగారు. "కానీ అమ్మా, ఆఖరి చప్పుడు ఇంకా ఉందని మీ ఊరివాళ్ళకెలా తెలిసింది?"

ప్రెబెన్ కప్పులోకి చూశాడు. హోల్గర్ ఇంకో బన్ను తీసుకున్నాడు. పాదరీ అమ్మకు పైకప్పులో చూడాల్సిందేదో కనబడింది. వెర్నర్‌కు ఏమీ తెలియదు గనుక నవ్వుతూ నిలబడ్డాడు. ఆస్టా తన తల్లి ముఖంలోకి చూసింది, చూస్తూనే ఉంది. గెర్దా చేతి గడియారాన్ని విప్పి కోటు జేబులో వేసుకుంది.

"మావాళ్ళు ఆదివారం ప్రార్థన మానరండీ," అంది.