మధ్య చెంచా

ఆ పొద్దున చెయ్యవలసిన పనులు రెండే. మొదట పరీక్ష, తరువాత రొట్టెల పంపిణీ. మొదటిది తప్పితే రెండోది ఉండదు, వ్యాను తాళం చేతులు మారుతుంది. బేకరీ వ్యాను డ్రైవరు ఇదంతా చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆలోచించాడు.

పరీక్ష యంత్రం తెప్పించినవాడు బేకరీ మేనేజరు. మేనేజరు డ్రైవరుకు అల్లుడే. తెర మీద ఐదు బాణాలు వరుసగా పడతాయి. మధ్య బాణం ఎటు చూపిస్తే అటువైపు బటన్ నొక్కాలి. మిగతా నాలుగూ చూపు లాగడానికే ఉన్నాయి. డ్రైవర్ల భద్రత కోసమని అల్లుడు అందరికీ చెప్పాడు. తన తమ్ముడికి ఈమధ్యే లైసెన్సు వచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

బయలుదేరేముందు కూతురు కాస్త సాధన చేయిస్తానంది. భోజనాల బల్ల మీద ఐదు చెంచాలు అడ్డంగా పేర్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది. తండ్రి పక్క కుర్చీ తల్లిది. ఆవిడ పోయి రెండేళ్లయినా అందులో ఎవరూ కూర్చోరు.

"చెంచా గుంట ఎటుంటే బాణం అటు అనుకో నాన్నా. మధ్యది ఒక్కటే చూడు."

"కుడి."

"తప్పు. ఎడమ."

"కుడే కదే!"

"కళ్లు తెరిచి చూడు నాన్నా. సరే, ఇప్పుడు?"

"ఎడమ."

"మళ్లీ తప్పు. ఇలా అయితే మా మరిది పంట పండినట్టే."

డ్రైవరుకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే కనిపించినదాన్ని తిరగేసి చెప్పాలా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కూతురు సగం లేచింది. "అలా చెబితే సరిపోయేట్టుంటే అలాగే చెప్పు."

అలాగే చెప్పాడు. ఆ తరువాత ఒక్కటీ తప్పలేదు. కూతురు సంతోషంగా చెంచాలు కడిగేసింది.

పరీక్ష గదిలో యంత్రం కంపెనీ మేడం తెర ముందు కుర్చీ చూపించింది. "మధ్య బాణం ఎటు చూపిస్తే అటే నొక్కండి. చుట్టూ ఏం జరిగినా పట్టించుకోవద్దు."

డ్రైవరు లోలోపల నవ్వుకున్నాడు. అల్లుడు తెచ్చిన యంత్రంలో సూటిగా ఉండేదేదీ ఉండదని అతని నమ్మకం. ఇంటి దగ్గర మెలిక ముందే పట్టేశాం కదా అనుకున్నాడు.

బాణాలు మొదలయ్యాయి. అల్లుడు తెరకు కుడివైపు నిలబడి తాళంగుత్తి గలగలలాడించాడు. అల్లుడి తమ్ముడు అప్పుడే డ్రైవరు చొక్కా తొడుక్కుని ఎడమవైపు గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా మీద ఇస్త్రీ మడత కూడా పోలేదు. డ్రైవరు ఇద్దరినీ చూడలేదు. నొక్కినప్పుడల్లా తెర ఎర్రగా మెరిసింది. చూపు లాగడానికి పెట్టిన ఇంకో ఎత్తు అనుకుని దాన్నీ పట్టించుకోలేదు.

ఫలితం వచ్చింది. సున్నా.

"కళ్లు మూసుకుని నొక్కినా సగం వస్తాయి మామయ్యా!" అల్లుడు చెయ్యి చాచాడు. "తాళం ఇలా ఇవ్వండి. మీ మంచికే చెబుతున్నా."

"నా మంచి ఎప్పటినుంచి పట్టింది నీకు?"

"మీకు ఇంకేం బాధ్యతలున్నాయని? ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోండి."

డ్రైవరు తాళం బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా వేళ్లు దాని మీద నుంచి వెంటనే రాలేదు.

అల్లుడి తమ్ముడు యంత్రం పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు. దర్జాగా వ్యాను ఎక్కాడు. గేటు ఇరుకు కాబట్టి అల్లుడు ముందు నిలబడి, వ్యాను వైపు తిరిగి దారి చూపించాడు.

"ఎడమకి! ఇంకా ఎడమకి రా!"

అది చెప్పేవాడి ఎడమ. నడిపేవాడు తన ఎడమకు తిప్పాడు.

"ఎడమకంటే ఎడమకి రావేంరా!"

"వస్తున్నాగా అన్నయ్యా!"

వ్యాను గేటు స్తంభాన్ని గుద్దుకుంది. వెనక తలుపు తెరుచుకుని రొట్టెల ట్రేలు నేల మీద పడ్డాయి.

అన్నదమ్ములు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉండగా మేడం ఫలితాల కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. "మేనేజరుగారూ, సగం రావడం మామూలే. సున్నా రావడం మామూలు కాదు. అన్నీ తప్పాలంటే ప్రతిసారీ మధ్య బాణాన్నే చూడాలి. ఈయన చూపు ఒక్కసారి కూడా పక్కకు పోలేదు. ఇలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు." డ్రైవరు వైపు తిరిగింది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఆవిడ వ్యాన్లో పక్కనే కూర్చునేది. నోటితో ఎడమ అనేది, చేత్తో కుడి చూపించేది. రెండూ వదిలేసి రోడ్డు చూసేవాణ్ణి."

"మరి తిరగేసి ఎందుకు నొక్కారు? ఇంట్లో ఎవరైనా నేర్పారా?"

"మా అమ్మాయి. చెంచాలతో."

"ఎక్కడ కూర్చుని నేర్పింది?"

"ఎదురుగా."

మేడం నుదురు పట్టుకుంది. "పక్కన కూర్చోవలసింది."

"అక్కడ కుదరదు."

దుకాణాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మిగిలిన రొట్టెలైనా చేరాలి. సొట్టపడిన వ్యానును బయటికి తియ్యగలిగినవాడు అక్కడ ఒక్కడే. అల్లుడు తాళం తెచ్చి ఇచ్చాడు, మొహం మాత్రం పక్కకు పెట్టుకుని.

"కానీ మామయ్యా, కాగితం మీద మీరు తప్పారు. ఇకనుంచి కుడి ఎడమలు చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. మా తమ్ముడు కూర్చుంటాడు."

డ్రైవరు పక్క సీటు వైపు చూశాడు. భార్య కుట్టిన దిండు దాని మీద అలాగే ఉంది. వ్యాను గుద్దుకున్నప్పుడు కాస్త పక్కకు జరిగింది. చెయ్యి పెట్టి సరిచేశాడు.

"పక్క సీటు ఖాళీ లేదు అల్లుడుగారూ. మీ ఇంట్లో అందరికీ ఎదురుగా నిలబడి దారి చెప్పే అలవాటుంది కదా. బానెట్ మీద కూర్చోమనండి."

అల్లుడు ఆ షరతు ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసుకున్నాడు. బానెట్ మీద కూర్చోవడానికి ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.