ఆగిన రైలుకు నా జేజేలు

రైలు ఆలస్యమైందని తిట్టుకునేవాళ్ళకి అసలు ప్రయాణమంటే ఏమిటో తెలియదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను! దారి మధ్యలో ఆగిపోని రైలూ ఒక రైలేనా? కోపం తెచ్చుకోకండి. మా బావగారి సంగతి విన్నాక మాట్లాడండి.

బావగారు ఇన్సూరెన్స్ ఆఫీసులో సూపరింటెండెంటు. రోజుకో ఫైలు తిరగేయందే ఆయనకి ఆకలి వేయదు. "ఎక్కడికైనా వెళ్ళి తీరిగ్గా నాలుగు రోజులు గడిపొద్దామండీ" అని మా అక్క ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, ఈ ఏడు సరేనన్నారు. చరిత్ర ఉన్న ఊళ్ళు ఐదు, రైళ్ళు ఆరు, కోటలు పదకొండు, రోజులు నాలుగు. తీరిగ్గా అంటే మరి అదేగా! సామాను మోయడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

ప్రోగ్రాం టైపు చేయించారు. 9.10కి కోట ప్రవేశం. 9.25కి బురుజు ఎక్కుట. 9.32 నుంచి 9.35 వరకు ఆశ్చర్యపోవుట. 9.36కి ఫొటో. మొదటి కోటలో మా అక్క రెండు నిమిషాలు ఎక్కువ ఆశ్చర్యపోయింది. ఆ లోటు పూడ్చడానికి రాజుగారి సమాధిని పరుగెత్తుతూ చూశాం. రాణిగారి అంతఃపురం ఎలా ఉందంటారా? ట్యాక్సీ కిటికీలోంచి బాగానే ఉంది!

రెండో రోజు పొద్దున మూడో ఊరికి వెళ్తుంటే, చుట్టూ పొలాలు తప్ప పిట్టమనిషి లేనిచోట రైలు టక్కున ఆగిపోయింది. ఇంజను చెడిందట. బావగారు లగెత్తుకుంటూ గార్డు దగ్గరికి వెళ్ళారు.

"ఎప్పుడు కదులుతుందండీ?"

"కదిలినప్పుడు మీకే తెలుస్తుంది కదండీ!" అన్నాడా మహానుభావుడు.

మొదటి గంటలో బావగారు ప్రోగ్రాంలో రెండు కోటలు కొట్టేశారు. రెండో గంటలో ఒక మ్యూజియం, ఒక మెట్లబావి ఎగిరిపోయాయి. మూడో గంటకి ఆ రోజు కొట్టేయడానికి ఏమీ మిగల్లేదు. చేసేది లేక అక్కకి ఎదురుగా కూలబడ్డారు. ఇంకా చేసేది లేక ఆవిడ మొహం చూశారు.

"నీకు కళ్ళజోడు ఎప్పుడొచ్చింది?"

"ఆరేళ్ళయిందండీ."

"మరి నాకు చెప్పలేదేం?"

"మొహం మీదే పెట్టుకున్నాగా, చూస్తారులే అనుకున్నా!"

బావగారు మొదట తెల్లబోయారు. తర్వాత పగలబడి నవ్వారు. అక్క చెప్పులు విప్పి కాళ్ళు ఎదుటి సీటు మీద చాపుకుంది. ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు! చెప్పండి, ఏ కోటలో దొరుకుతుందీ దృశ్యం? నేను పేపరు అడ్డం పెట్టుకుని, ఒకే పేజీని అరగంట చదివాను.

"ఒక మాట చెప్పనా? పెళ్ళయిన కొత్తలో మీరు..." అంటూ అక్క మొదలుపెట్టింది.

కూత వినబడింది. రైలు కదిలింది! బావగారు స్ప్రింగులా లేచారు. "లే, లే, చెప్పులు తొడుక్కో! దిగగానే గబగబా నడిస్తే ఒక కోటైనా దక్కుతుంది!"

దక్కింది. చూశాం. నిమిషమున్నర ఆశ్చర్యపోయాం.

రైలువాళ్ళకి నేనో ఘాటైన ఫిర్యాదు రాసి పడేశాను. ఇంజను చెడినందుకు కాదండీ. అంత చక్కగా చెడిపోయిన ఇంజన్ని మూడు గంటలకే ఎందుకు బాగుచేశారని!

మేం ఇంటికొచ్చి నెలైంది. అక్క చెప్పబోయిన మాటలో మిగతా సగం వినడానికి మా బావగారికి ఇంకా తీరిక చిక్కలేదు.