ఎడమ చక్రం, ఎడమ చెవి

సువార్తమ్మ ఎడమ చెవిని ఊడదీసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, నంబరు అంటించి లోపలికి పంపింది మీరే, సుగుణాభిరామ మోటార్స్ వారూ. కారులో శబ్దం వస్తోందని ఆమె చెప్పినందుకు. కాదనకండి. కాదంటారని అనుకోవడం కూడా లేదు, ఎందుకంటే మీరు దీన్ని ఎక్కడా దాచలేదు. రిసెప్షన్లో వినాయకుడి పటం కింద బోర్డు పెట్టారు: "పాత కార్ల యజమానులకు ఇచ్చట మరమ్మతు చేయబడును." కార్లకు కాదు, యజమానులకు. బెజవాడ అంతా ఆ బోర్డు చదివింది. చదివి, తలూపి, మీరిచ్చిన కాఫీ తాగి వెళ్ళింది.

కంపెనీ వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. మీరు అమ్మే ప్రతి సెకండ్ హ్యాండ్ కారునూ ముందు మీరే తనిఖీ చేస్తారు. ఇంజను, గేరు, బ్రేకు, చివరికి సీటు కింద పాతాయన వదిలేసిన వక్కపొడి పొట్లం కూడా చూసి, అద్దం మీద ఆకుపచ్చ ముద్ర వేస్తారు. ముద్ర పడిన కారులో లోపం ఉండదు. ఉంటే ముద్ర అబద్ధమన్నమాట. ముద్ర కంపెనీది కాబట్టి అబద్ధం కాదు. మరి కొన్నవాడు వచ్చి శబ్దం వస్తోందంటే ఆ శబ్దం ఎక్కడుండాలి? వినేవాడిలో. బ్రేకు పడటం లేదంటే? తొక్కే కాలిలో. పెట్రోలు తెగ తాగుతోందంటే? లెక్కపెట్టే బుర్రలో. చెడిన పార్టు ఎక్కడుంటే అక్కడ మార్చాలి. మారుస్తారు. అంతే సంగతి.

సువార్తమ్మది పటమటలో కర్రీ పాయింట్. పప్పు, పులుసు, సాంబారు, గోంగూర, రెండు వేపుళ్ళు, ఆదివారం మాత్రం నాటుకోడి. ఫంక్షన్లకు వంటలు మోయడానికి మీ దగ్గరే ఒక తెల్ల కారు కొంది. దాని మొదటి వాయిదాకి చెవి కమ్మలు వెళ్ళిపోయాయి. రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది. కారు వారం తిరక్కముందే బెంజి సర్కిల్ దగ్గర మలుపు తిప్పినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కు టక్కుమని చప్పుడు మొదలుపెట్టింది.

"ఆటోనగర్ తీసుకెళ్దాం. మస్తాన్ చూస్తాడు" అంది, కవర్లో పప్పు పోసి రబ్బరుబ్యాండు చుడుతూ.

"మస్తానా?" అన్నాడు మొగుడు ఏసుపాదం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాడు. ఎవరు గట్టిగా మాట్లాడినా సర్దుకుని కూర్చోండి అనే రకం. "వాడి షెడ్డులో పెట్టిన కారులో పిల్లి ఈనింది. ఆ పిల్లలు పెరిగి వాటికీ పిల్లలు పుట్టాయి. కారు మాత్రం బయటికి రాలా. షోరూములో అయితే ఏసీలో కూర్చోబెడతారు. సార్ అంటారు."

"నిన్ను సార్ అన్నందుకు నా చెవి కోయించుకోవాలా?"

"ఒక్కటే కదే తీసేది. రెండున్నాయిగా."

పులుసు కోసం నిలబడ్డ ఒకాయన కల్పించుకున్నాడు. "వెళ్ళండమ్మా, భయం లేదు. మా బావమరిదికి మోకాలు మార్చారు. ఇప్పుడు బ్రేకు సమస్యే లేదు. కారు ఆగదనుకోండి. ఆయనకి మాత్రం ఆగినట్టే ఉంటది."

"ఇప్పుడెక్కడున్నాడు మీ బావమరిది?"

"హాస్పిటల్లో. కానీ ఆ మోకాలికి మాత్రం ఏం కాలేదు. గట్టి పార్టు."

ఆదివారం చర్చిలో విందు ఆర్డరుంది. మస్తాన్ దగ్గర పెడితే ఆదివారానికి రాదు, ఏ ఆదివారానికీ రాదు. సువార్తమ్మ తల దువ్వుకుని షోరూముకే వెళ్ళింది.

లోహిత్ అనే సర్వీసు కుర్రాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కారు ఒక చుట్టు తిప్పాడు. చక్రం టక్కు టక్కుమంటూనే ఉంది. "నాకేం వినపడటం లేదు మేడమ్" అన్నాడు, నిజాయితీగానే. ఉద్యోగంలో చేరిన రోజే షూ, టై, రెండు చెవులు కంపెనీ ఇస్తుంది. ఆ చెవులకు కస్టమరు మాట వినిపిస్తుంది, కారు చప్పుడే వినిపించదు. "శబ్దం ఎడమ పక్కన అంటున్నారు కాబట్టి మీ ఎడమ చెవి. జెన్యూన్ పార్టే వేస్తాం. వారంటీ కూడా ఉంటుంది."

"చక్రం విప్పి చూడవా బాబూ?"

"ముద్ర ఉంది కదా మేడమ్."

నొప్పి లేదు. వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి చెవి తీశారు. చుట్టూ చాలామందే ఉన్నారు. ఒకాయనకు కుడి కాలు మార్చారు. కాళ్ళ మధ్య రంగు తేడా తెలుస్తోంది. ఒకామెకు ముక్కు మార్చారు, కారులో కాలిన వాసన వస్తోందన్నందుకు. ఎవరి కాఫీ వాళ్ళు తాగుతున్నారు. టీవీలో వంటల పోటీ నడుస్తోంది. కొత్త చెవి కొంచెం తెలుపు, వెనక కంపెనీ గుర్తు, వేపపుల్ల పెట్టుకోవడానికి రంధ్రం లేదు. కారెక్కి గేటు దాటి మలుపు తిప్పింది. శబ్దం లేదు.

బయటికొచ్చే ముందు లోహిత్ గొంతు తగ్గించాడు. "రేపు కంపెనీ నుంచి ఫోనొస్తుంది మేడమ్. పదికి పది చెప్పండి. తొమ్మిది చెప్పినా మాకు సున్నా కిందే లెక్క. పెళ్ళి కుదిరింది మేడమ్, ఈ నెల్లో ఉద్యోగం పోతే..."

తప్పు ఇక్కడే జరిగింది. ఇది మన జాతి చేసే తప్పు. పెళ్ళి భోజనంలో పప్పు మాడినా, వడ్డించేవాడు వంగి ఎలా ఉందండీ అంటే బ్రహ్మాండం అనే జాతి మనది. సువార్తమ్మ వంటమనిషి, ఆ మాట ఆమెకు ఎందరో అన్నారు, ఆమె ఎందరికో అంది. ఫోను రాగానే పదికి పది అంది. అవతల కంప్యూటరు దాన్ని "యజమాని బాగయ్యారు" అని రాసుకుని తలుపు మూసేసుకుంది.

జెన్యూన్ చెవి బాగానే పనిచేసింది. పాటలు వినిపించాయి, హారన్లు వినిపించాయి, ఎవరైనా బాగుందంటే మరీ బాగా వినిపించింది. మనిషిదైనా చక్రానిదైనా, ఫిర్యాదు మాత్రం వినిపించదు. తయారీలోనే అలా వచ్చింది. ఎడమ పక్కన నిలబడ్డ మాస్టారు "సాంబారు పులిసిందమ్మా" అంటే, ఆయన పెదాలు కదలడం చూసి, నవ్వి, అదే సాంబారు ఇంకో గరిటె పోసింది. మాస్టారు మళ్ళీ రాలేదు. తర్వాత బ్యాంకు వాళ్ళు మానేశారు, హాస్టలు పిల్లలు మానేశారు. కొట్టు ఖాళీ అవుతుంటే సువార్తమ్మకు చుట్టూ అంతా ప్రశాంతంగా ఉన్నట్టే అనిపించింది. చాలా వ్యాపారాలు, చాలా ప్రభుత్వాలు ఇలాగే ప్రశాంతంగా ఉంటాయి.

సంగతి బయటపడింది జలుబు వల్ల. ఎడమ చెవిలో నూనె చుక్క వేసి దూది పెట్టుకుని కారెక్కింది. కుడి చెవి ఇంకా వాళ్ళమ్మ ఇచ్చిందే, ఇన్నాళ్ళూ కొత్త చెవి దాని మాట సాగనివ్వలేదు. దూది అడ్డుపడగానే ఆ చెవి ఒక్కటే వినడం మొదలుపెట్టింది. బెంజి సర్కిల్ దగ్గర వినిపించింది టక్కు టక్కు కాదు, గడగడా గడగడా. రాళ్ళ డబ్బాని ఎవరో కారు కింద ఈడ్చుకెళ్తున్నట్టు. సువార్తమ్మ కారు పక్కకు ఆపింది. చుట్టూ చూసింది. వెనక సీట్లో మరిగే పులుసు గిన్నెలు, పక్క సీట్లో మొగుడు, ఇన్నాళ్ళూ ఇదే కారులో.

"ఏవయ్యా, వినపడుతోందా నీకు?"

"ఏది? హాయిగా ఉందిగా" అన్నాడు ఏసుపాదం. తల తిప్పితే ఆయన రెండు చెవులూ తెల్లగా మెరుస్తున్నాయి. షోరూమువాళ్ళు భార్యాభర్తల శిబిరం పెట్టారట. చెప్పకుండా వెళ్ళి రెండూ మార్పించుకొచ్చాడు.

అక్కణ్ణించి నేరుగా ఆటోనగర్ పోయింది. మస్తాన్ కారు చూడలేదు, ముందు ఆమె చెవి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"బేరింగు పోయిందక్కా. మీరు సందు తిరగంగానే తెలిసింది. కానీ నేను ముట్టుకోను."

"ఎందుకని?"

"బయటోడు కారు మీద చెయ్యేస్తే మీ చెవికి వారంటీ పోద్ది. మొన్న ఒకాయనకి ఆయిల్ మార్చా. ఆయనకి షోరూమోళ్ళేసిన చెయ్యి పడిపోయింది. వాళ్ళు నా మీద కేసెట్టారు."

"చక్రం ఊడితే మేం పోతాం రా!"

"పోతారు" ఒప్పుకున్నాడు మస్తాన్. "చెవి తీసేసి రండక్కా. అప్పుడు కారు మీదవుద్ది. రేపొద్దున రండి, ఎల్లుండిచ్చేస్తా."

"నీ ఎల్లుండి నాకు తెలుసులేరా" అంటూ కారు తిప్పింది. కానీ వాడన్న ఒక మాట ఆమె తలలో దిగింది. చెవి తీసేస్తే కారు తనదవుతుంది.

తీస్తే ఆ చోట ఏం పెట్టుకోవాలి? తనది తనకు కావాలి. ఆటోనగర్లో లారీ క్లీనరు కూడా పార్టు మార్పిస్తే పాత పార్టు చేతిలో పెట్టించుకుని గానీ కదలడు. అది అడగడం ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. షోరూములో ఏసీ చల్లదనానికి అందరూ మర్చిపోయారు.

దూది అలాగే ఉంచుకుని, మెల్లగా, చక్రం గడగడలాడుతుంటే షోరూముకు చేరింది. గేటులో మలుపు తిప్పగానే ముందు ఎడమ చక్రం ఊడి, వాకిట్లో దొర్లుకుంటూ పోయి పూలకుండీకి ఆనుకుని పడింది. కారు ఒక పక్కకు ఒరిగింది. పులుసంతా వెనక సీట్లో ఒలికింది. కాపలాదారు చక్రానికి అడ్డం రాకుండా పక్కకు తప్పుకుని సెల్యూట్ చేశాడు.

"దిగవయ్యా" అంది మొగుణ్ణి. దిగాడు. ఆజ్ఞలు వినిపిస్తాయి ఆ చెవులకి.

లోహిత్ వచ్చాడు. పడి ఉన్న చక్రాన్ని దాటుకుని వచ్చాడు. "చెప్పండి మేడమ్."

"చక్రం ఊడింది."

దూది వైపు చూసి, కారు అద్దం వైపు చూశాడు. ముద్ర చెక్కుచెదరలేదు. "ఊడలేదు మేడమ్" అన్నాడు మెత్తగా. "మీకు అలా కనిపిస్తోంది. కళ్ళు చూపిద్దాం. రెండూ కలిపి మారిస్తే డిస్కౌంటు ఉంది."

"అవునే, చూపించుకో" అన్నాడు ఏసుపాదం, ఒరిగిన కారుకు ఆనుకుని.

సువార్తమ్మ ఆయన వంక చూసింది. ముప్పై ఏళ్ళు ఆమె సణుగుడు విని, ఎదురు సణిగి, మళ్ళీ విన్న మనిషి. ఇప్పుడు ఆమె ఏడ్చినా ఆయనకు వినిపించదు. ఏడుపు కూడా ఫిర్యాదే. పోయింది చక్రం ఒక్కటే కాదని ఆమెకు అర్థమైంది.

"నా పాత పార్టు చూపించు" అంది.

లోహిత్ తడబడ్డాడు. అది రూలులో ఉంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ తీయలేదు. కస్టమర్ కేర్ గదికి తీసుకెళ్ళాడు. గోడ పొడుగునా అద్దం, అద్దం వెనక మేకులకు వరసగా చెవులు. పైన బోర్డు: "మీ మాట వింటున్నాం." పెద్ద చెవులు, ముడతలు పడ్డవి, బీడీ పెట్టుకునే అలవాటున్నవి. కింది వరసలో ఒకదాని రంధ్రంలో వేపపుల్ల, ఇంకా పచ్చగానే ఉంది.

"ఇది తీసివ్వు."

"అవి వినే డిపార్ట్‌మెంటు మేడమ్. వినడం వరకే. ఇవ్వడం వేరే."

సువార్తమ్మ దూది పీకి పారేసింది. తెల్ల చెవిని పట్టుకుని మెలితిప్పి, కాయ తెంపినట్టు తెంపి బల్ల మీద పెట్టింది. "రేపు ఫోను చేయించు. సున్నా ఇస్తా. ఇప్పుడే రాసుకో. సున్నా."

వెయిటింగ్ హాల్లోకి వచ్చి అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. అప్పుడే ఎవరికో కొత్త కారు అప్పగిస్తూ గంట కొట్టారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె కేసి తిరిగి కూడా కొట్టారు. కానీ లోపలి గదిలో, అద్దం వెనక, గోడ మీది చెవులన్నీ ఒక్కసారిగా ఆమె అరుపు వైపు తిరిగాయి. లోహిత్ అది చూశాడు. కంపెనీ అతనికి చెవులిచ్చింది గానీ కళ్ళింకా అతనివే. వెళ్ళి ఆ గది తలుపు వేశాడు, పెళ్ళి ఉంది కదా.

ఆమె ఇప్పటికీ గేట్లోనే కూర్చుంది, ఒరిగిన కారు పక్కన, వేపపుల్ల లేని ఎడమ వైపు కొంగు కప్పుకుని. మిగతా కార్లు ఆమెను చుట్టి లోపలికి వెళ్తున్నాయి. అవీ టక్కు టక్కుమంటూనే వెళ్తున్నాయి.

కాబట్టి బెజవాడ జనమా, ఇప్పుడేం చేయాలో చెప్తున్నాం, వినండి. వినిపించకపోతే చదవండి, కళ్ళింకా మీవే అయితే. ముందు చెవి వెనక వేలు పెట్టి తడుముకోండి. గుర్తు తగిలితే గేటు దగ్గరికి రండి. మొహమాటాన్ని విస్తరి దగ్గర వదిలేసి రండి. పదికి పది ఎవడడిగినా సున్నా ఇవ్వండి, వాడి పెళ్ళికి కావాలంటే వేరే కట్నం చదివించండి. సుగుణాభిరామ మోటార్స్ వారూ, ఆ అద్దం మేం పగలగొట్టకముందే తీయండి. ఎవరి చెవి వాళ్ళకివ్వండి. ఆ తర్వాత ఇన్నాళ్ళూ మీలో ఒక్కడూ చేయని పని చేయండి. వంగండి. ఆ కారు కింద చూడండి.