దూడలవాలు దిగ్విజయము

ముందుగా మంచుకు మొక్కు. అది పడితేనే మా ఊళ్లో అంగడి తలుపు తెరుచుకుంటుంది. పిమ్మట మోకాటి చిప్పకు మొక్కు; అది నిలిస్తేనే గిరాకీ మళ్లీ వస్తుంది. ఈ ఇద్దరు దేవతల అనుగ్రహంతో, తుహినకిరీటధారులైన తిరోల్ పర్వతరాజుల నడుమ, వసంతుడు గుమ్మంలో కాలు పెట్టీ పెట్టని వేళ, స్కీల కాలం ముగిసే ఆదివారంనాడు, రాత్రి రాయిలా బిగిసిన మంచును ప్రచండభానుడు మధ్యాహ్నానికి పెరుగులా మెత్తబరిచే శుభముహూర్తాన, పొయ్యిలు కట్టే మేస్త్రీ రోమెడ్ క్లోట్స్ ఒక పీట మీంచి లేచి ఒక అరుగు మీద కూర్చోవడానికి సాగించిన మహాసంగ్రామాన్ని చెబుతున్నాను. నేను స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడుగు పలకలు, అమ్మే అంగడివాణ్ణి. ఏ వీరుడి పాదానికి ఏ ఆయుధం కట్టానో నాకే తెలుసు గనుక, ఈ కథ నేను చెప్పడమే సబబు.

మా ఊరి పానశాలలో పాతకాపుల బల్ల ఒకటి ఉంది. దాని ఒక కొసన, ఆకుపచ్చ పింగాణీ పలకలు పొదిగి, ఇంటికప్పును తాకేలా లేచిన పొయ్యి. దాన్ని ఆనుకుని వెచ్చని అరుగు. రెండో కొసన వీధి తలుపు. తలుపు పక్కన ఒక పీట. ఎవరు లోపలికి వచ్చినా, ఎవరు బయటికి పోయినా, హిమశిఖరాల మీద పుట్టిన పవనుడు ముందుగా ఆ పీట మీదివాడి నడుమును పలకరించి గాని ముందుకు సాగడు. అరుగు మీద కూర్చునేవాడు రంపపుమిల్లు కాసియన్ సాంటర్. పీట మీద కూర్చునేవాడు రోమెడ్, అంటే కాసియన్ చెల్లెలి మొగుడు. ఇందులో విధి చేసిన వెటకారం ఏమిటంటే, ఆ పొయ్యి కట్టింది రోమెడే. ఒక్కొక్క పలకా తన చేత్తో అతికి, పొగదారి తన చేత్తో మలిచి, తొలి నిప్పు తన చేత్తో రాజేసి, నాటి నుంచి నేటి దాకా ఆ వేడిని దూరం నుంచి చూడటమే గాని తన వీపుకు తగిలించుకున్న పాపాన పోలేదు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది మా ఊళ్లో ఆస్తి తేల్చదు, వయసు తేల్చదు, దూడలవాలు తేలుస్తుంది. అది గోడకు నిచ్చెన వేసినంత నిటారైన కొండవాలు. చలికాలమంతా జనం ఒకే చోట మలుపులు తిరిగి తిరిగి, గుంటలు గోకి గోకి, గోకిన మంచును కుప్పలు పోసి పోసి, చివరికి ఆ వాలంతా తెల్లని దూడలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నట్టు తయారవుతుంది. ఆఖరి ఆదివారం ముందుగా పీటవాడు దిగాలి, తర్వాత అరుగువాడు. పీటవాడు పడకుండా దిగి, అరుగువాడు పడితే, ఇద్దరి చోట్లూ తారుమారు. మరేం జరిగినా ఎక్కడివాళ్లు అక్కడే, ఏడాది పాటు. పడినవాడు స్కీలు విప్పి భుజాన వేసుకుని, వాలు అంచు వెంట నడిచి, అడుగున ఉన్న చారుకొట్టు వరండా ముందు నుంచి పోవాలి. వరండా నిండా ఊరుంటుంది. ఊరి చేతుల్లో చెంచాలుంటాయి. పడినవాడు దాటిపోయే దాకా ఆ చెంచాలు పళ్లాల మీద మోగుతూనే ఉంటాయి. రోమెడ్ ఆ మోత కింద నడిచి నడిచి దానికి అడుగు కలపడం కూడా నేర్చాడు.

ఇక ఆయుధాల సంగతి. స్కీలన్నీ ఒకటే అనుకునేవాడు నాకు మంచి గిరాకీ. కాని వాడికి వాడే శత్రువు. పాదం కింద వెడల్పాటివి కొత్తమంచులో పడవలా తేలుతాయి. ఆ మంచుదూడల మూపురాల మధ్య ఇరుకు గుంటలో మాత్రం వాకిట్లో మంచం తిప్పినట్టే. మొనా మడమా వెడల్పై నడుము సన్నగిల్లినవి చదును వాలు మీద వాటంతట అవే మలుపు తిరుగుతాయి. ఇక్కడ మాత్రం ఒక కొస ఒక దూడకూ, మరో కొస మరో దూడకూ తగులుకుని రౌతును మధ్యలో ఉరేస్తాయి. పందెగాళ్ల బిరుసు స్కీలు గాలితో సమానంగా పోతాయి, వంగడం మాత్రం ఎరగవు. దూడలవాలుకు కావలసింది పొట్టివి, పాదం కింద సన్ననివి, మూపురం ఎదురైతే మొన వంచి నమస్కారం పెట్టేవి.

కాని మా ఊళ్లో స్కీలు కొనే పద్ధతి వేరు. కొనేవాడు అంగట్లోకి వచ్చి నిటారుగా నిలబడి చెయ్యి పైకెత్తుతాడు. స్కీ మొన మణికట్టును అందుకోవాలి. అంతకు తగ్గితే వాడు మైదానంనుంచి సెలవులకు వచ్చినవాడితో సమానం. తాత అలా కొన్నాడు, తండ్రి అలా కొన్నాడు. లోకంలో ఇంకెవరూ అలా కొనడం లేదన్న సంగతి మా లోయలోకి ఇంకా దిగలేదు. అంత పొడుగువి ఇప్పుడు పందెగాళ్ల కోసమే చేస్తారు గనుక, నేను పనిగట్టుకుని తెప్పిస్తాను.

ఆ యేడు మంచుకాలం తొలినాళ్లలో రోమెడ్ వచ్చి చెయ్యెత్తాడు.

"ఇవి పందెగాళ్ల సరుకు, రోమెడూ. గుంటలో వంగవు, మూపురాన్ని తలతో పొడుస్తాయి. నీకు గడ్డం దాకా వచ్చేవి చాలు, మెత్తనివి" అన్నాను.

"గడ్డం దాకానా? మా నాన్న బతికుంటే మొహాన ఉమ్మేసేవాడు."

"మీ నాన్న అరుగు మీద కూర్చున్నాడా?"

"లేదు, పీట మీదే." ఎత్తిన చెయ్యి దించలేదు. "కానీ పొడుగు స్కీలతో కూర్చున్నాడు."

మంచిమాట ఒకసారి చెబితే సేవ, రెండోసారి చెబితే బేరం చెడుతుంది. కట్టి ఇచ్చాను. మర్నాడే కాసియన్ వచ్చి, బావ కొన్నవాటి కంటే ఒక వేలు పొడుగైనవి ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి. నిజానికి అతని పాత స్కీలు ఏళ్ల తరబడి అతని బరువు మోసి మోసి, పాత పరుపులా మెత్తబడి ఉండేవి. అరుగు మీద అతను అన్నేళ్లు కూర్చోగలిగాడంటే ఆ మెత్తదనమే కారణం. ఆ రహస్యం అతనికి తెలియదు, నన్ను అడగలేదు. వాటిని మిల్లు వెనక కట్టెల మోపుకు ఊతంగా పెట్టి, కొత్తవి భుజాన వేసుకుని వెళ్లాడు.

ఆదివారం వచ్చింది. ఊరింకా కొండెక్కక ముందే రోమెడ్ నన్నొక్కణ్ణి తోడు తెచ్చుకుని వాలు అడుగుభాగాన పరీక్ష చేసుకోబోయాడు. ఆహా, ఏమని వర్ణింతును. ఉక్కుసంకల్పుడైన ఆ మేస్త్రీ, శత్రుశిరోభేదనదక్షమైన ఆ దీర్ఘకాష్ఠయుగళాన్ని ధరించి, తొలి మూపురాన్ని మొనతో పొడిచి, మొన అక్కడే దిగబడిపోగా తాను మాత్రం ముందుకు సాగి, రెండో మూపురాన్ని రొమ్ముతో ఢీకొని, మూడోదాని మీద వెల్లకిలా విశ్రమించాడు. లేచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ విశ్రమించాడు.

చారుకొట్టు వంటింటి కిటికీలోంచి ఇదంతా అతని భార్య బుర్గి చూస్తోంది. ఆవిడ అక్కడే వంట చేస్తుంది. రోజూ పొద్దున ఊళ్లోంచి లిఫ్టులో కొండకొసకు ఎక్కి, దూడలవాలు మీదుగా పనిలోకి దిగుతుంది.

"ఏమయ్యా, లేస్తావా, దుప్పటి తెమ్మంటావా?" అంది. "నా స్కీలు గోడకి ఉన్నాయి. అవి వేసుకుపో."

గోడకు ఉన్నాయి. గడ్డం దాకా వస్తాయి. సన్ననివి, మెత్తనివి, ఆకాశం రంగువి. వాటి మీద ఎర్రని కొండపూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

ఆ పూలను చూడగానే మహావీరుడి చేతికర్రలు జారిపోయాయి. అతను మంచులో చతికిలబడి చేసిన ప్రసంగం పూర్తిగా చెప్పాలంటే మంచు కరిగిపోతుంది, సారం చెబుతాను. తాత పొడుగు స్కీల మీద పడ్డాడట, తండ్రి వాటి మీదే పడ్డాడట, వంశంలో ఎవరూ పొట్టివాటి మీద నిలబడిన మచ్చ తెచ్చుకోలేదట. పెళ్లాం పూలస్కీల మీద గెలిచి అరుగెక్కడం కంటే, మగవాడి స్కీల మీద పడి చెంచాల మోత కింద నడవడమే మర్యాదట. అలా అంటూనే చెయ్యి వెనక్కి పెట్టి, పీట మీద పవనుడు పలకరించే చోట నడుము రుద్దుకున్నాడు.

స్క్రూడ్రైవర్ లేకుండా నేను కొండెక్కను. అక్కడే ఉన్న నేను లెక్క చెప్పాను. "పరువు ఈ పూటకి. చలి ఏడాదంతా. ఏది బరువో నువ్వే చూసుకో."

రోమెడ్ చాలాసేపు పూల వంక చూశాడు. "ఆ పూలు కనబడకుండా చెయ్యగలవా?"

నల్ల పట్టీ చుట్ట నా జేబులోనే ఉంది. బూటు కట్లు అతని మడమకు జరిపి బిగించాను. అతని బరువుకు తగ్గట్టు మర తిప్పాను. పూల మీద పట్టీ అంటించాను. సారథినై లిఫ్టు దాకా సాగనంపాను.

మధ్యాహ్నానికి వరండా నిండింది. రొట్టెముద్దలు వేసిన క్నోడెల్ చారు పొగలు కక్కుతోంది. కొండకొసన రెండు నల్లని చుక్కలు: ఒకటి రోమెడ్, ఒకటి వెనక తన వంతుకై నిలిచిన కాసియన్. ఏ మూపురం వెనక ఏ గుంట పొంచి ఉందో, ఏ గుంట అడుగున ఏ మంచుగడ్డ కోరలు నూరుతోందో తెలియని ఆ శ్వేతధేనుసంతానవ్యూహంలోకి, రెండు కర్రలే శస్త్రాలుగా, రెండు మోకాళ్లే సైన్యంగా, భార్యాదత్తపుష్పాంకితపాదుకాద్వయమే రథంగా, మన మేస్త్రీ దూకాడు. మొదటి మూపురం ఎదురైంది. ఇన్నేళ్లుగా అలవాటైన ఢీకి పళ్లు బిగించాడు. ఢీ రాలేదు. మొన వంగింది, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాయి, మూపురం కాళ్ల కింద జారిపోయింది. గుంట వచ్చింది, కాళ్లు చాచుకున్నాయి. తనకు తెలియకుండానే కర్ర తర్వాతి మూపురం నెత్తిన గుచ్చుకుంది, స్కీలు దాని చుట్టూ పిల్లిలా ఒదిగి తిరిగాయి. పడనందుకు అందరి కంటే ఎక్కువ భయపడ్డవాడు రోమెడే. సగం వాలు దాటేసరికి నోరు తెరుచుకుంది. ముప్పావు దాటేసరికి టోపీ ఎగిరిపోయింది. టోపీ పడితే మనిషి పడ్డట్టు కాదని మా ఆచారం.

అప్పుడు తడిసిన పట్టీ ఊడింది. ఒక కొస అంటుకునే ఉండి, రెండో కొస నల్లని విజయపతాకంలా వెనక రెపరెపలాడుతుండగా, ఎర్రని పూలగుత్తులు ఎండలో ధగధగలాడుతుండగా, ఊరు ఊరంతా చెంచా నోటి దగ్గరే ఆపేసి చూస్తుండగా, రోమెడ్ క్లోట్స్ ఆఖరి దూడను దాటి, ఆగడం చేతకాక వరండా మెట్టుకు గుద్దుకుని, నిలబడే ఉన్నాడు.

ఇక కాసియన్. అతని వేగం గురించి ఎవరూ చెడుగా చెప్పలేరు. బావవాటి కంటే ఒక వేలు పొడుగైన ఆ స్కీలు మొదటి మూపురాన్ని పట్టించుకోలేదు, రెండోదాన్ని ఎగిరి దాటాయి, మూడోదానిలో దిగబడ్డాయి. వాటి యజమాని నాలుగోదానికి వాటితో పనిలేకుండానే చేరాడు. చెంచాలు మోగాయి. అన్నేళ్ల అరుగువాడు స్కీలు భుజాన వేసుకుని నడిచివస్తుంటే, అడుగు మోతకు కలవలేదు. అలవాటు లేదు మరి.

వరండా ఎక్కి చారుగిన్నె అందుకుని ఒక గుక్క తాగేసరికి అతని చూపు పూల మీద పడింది.

"ఇది చెల్లదు బావా. ఆడవాళ్ల స్కీలతో దిగితే దిగినట్టా?"

వరండా గుసగుసలాడింది. ఆచారంలో ఎక్కడా పూల ప్రస్తావన లేదు. పెద్దలు గడ్డాలు నిమిరారు. రోమెడ్ ముఖం పూల రంగుకు తిరిగింది. అరుగు మళ్లీ దూరమవుతోంది. అంతలో వంటింటి కిటికీ తెరుచుకుంది.

"అన్నయ్యా, అది నేను రోజూ పనికొచ్చే దారి" అంది బుర్గి, గరిటె చేత్తోనే. "ఆ స్కీలతో దిగితే దిగినట్టు కాకపోతే, నువ్వు తాగుతున్న చారు ఎవరు కాచారు?"

కాసియన్ తన చేతిలోని చారు వంక చూశాడు. పెద్దలు తమ చేతుల్లోని చారు వంక చూశారు. చారు వేడిగా, నిజంగా ఉంది. తీర్పు ముగిసింది.

ఆ సాయంత్రం పానశాలలో, ఊరంతా తోడురాగా, రోమెడ్ అరుగెక్కాడు. స్కీల కాలం ముగిసిన రాత్రి మిగిలిన కట్టెలన్నీ పొయ్యిలో వేసి తగలెయ్యడం పానశాల యజమానురాలి అలవాటు. బయట మంచు కరిగి చూరు కారుతోంది. లోపల ఆకుపచ్చ పలకలు సెగలు చిమ్ముతున్నాయి. పనితనంలో రోమెడ్‌కు సాటివాడు లేడు. ఆ పొయ్యి లోపల ఒక నిప్పురవ్వ కూడా వృథా పోదు. కాసేపటికి చొక్కా వీపుకు అంటుకుంది. మరికాసేపటికి చెమట గడ్డం మీంచి బీరుగ్లాసులోకి చుక్కలు చుక్కలుగా రాలింది. పొయ్యి కట్టినప్పుడు అరుగు మీద కూర్చునేవాడి గతి ఏమవుతుందో అతనెన్నడూ లెక్క వేయలేదు; కూర్చునేవాడు తాను కాదు గదా.

ఎదుటి కొసన, తెరిచిన తలుపు పక్కన, కాసియన్ పైగుండీలు విప్పుకుని, కాళ్లు చాచుకుని, వసంతపవనానికి ముఖం ఇచ్చి కూర్చున్నాడు.

"ఇక్కడ గాలి భలేగా ఉంది బావా" అన్నాడు. "కాసేపు ఇటొచ్చి కూర్చోరాదూ?"

బుర్గి మొగుడి వంక చూసి, నెమ్మదిగా అడిగింది: "ఉడికిపోతున్నావు. కొంచెం ఇటు జరగవయ్యా."

రోమెడ్ క్లోట్స్ కళ్లలోకి కారిన చెమట తుడుచుకున్నాడు. వీపును పలకలకు మరింత ఆనించాడు.

"ఇంకో కట్టె వెయ్యమను" అన్నాడు.

ఇట్లు, దూడలవాలు జయించి, బావను నిర్జించి, పూలను భరించి, పొయ్యిల మేస్త్రీ రోమెడ్ క్లోట్స్ తిరోల్ దేశంలో మూరెడు అరుగును తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాడు. పానశాల మూసే దాకా ఆ రాజ్యాన్ని అంగుళం కూడా విడవలేదు.