తడిబట్ట తనిఖీ

దేశానికి తెల్లవాడి పీడ వదిలిందనీ, ఇక తిరుపతికి కరెంటు భయం వదలడమే మిగిలిందనీ ధనంజయ నాయుడుగారు నిండు సభలో ప్రకటించారు. ఆ సభకు ఉన్నది ఒక్కటే బల్బు. దాని చుట్టూ ఉసిళ్ళు ముసిరి ఉపన్యాసం మధ్యలో ఆయన నోట్లో కూడా దూరాయి. నాయుడుగారు చెదరలేదు. జైలు కూడు తిన్న దేశభక్తుడికి ఉసిళ్ళొక లెక్కా?

ఆయన అక్కడికక్కడే పుర విద్యుద్రక్షణ సంఘం స్థాపించారు. అధ్యక్ష పదవికి తన పేరు తానే చెప్పుకుని, పోటీ రానందుకు సభను అభినందించారు. సంఘం ఊళ్ళో ఇళ్ళన్నీ తనిఖీ చేస్తుంది. అపాయం లేని ఇంటి తలుపు మీద తెల్ల గీత, ఉన్న ఇంటి మీద ఎర్ర గీత. ఎర్ర గీత పడ్డ ఇంటికి కరెంటు ఆపేసి, లోపలివాళ్ళ ప్రాణాలు కాపాడటం కోసం వాళ్ళని బయటికి పంపేస్తారు. అద్దె ఇళ్ళకు ఇన్స్పెక్టరు స్వయంగా వస్తాడు. సొంత ఇంట్లో కాపురమున్నవాళ్ళకు అంత శ్రమ లేదు. కాణిపాకం పోయి, తల మునిగేలా స్నానం చేసి, వినాయకుడి ఎదుట "నా కరెంటు వల్ల ఎవరికీ కీడు లేదు" అని ప్రమాణం చేసి వస్తే చాలు. ఆ ప్రమాణమేదో అద్దెకున్నవాడు కూడా చేయకూడదా అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఇల్లే వానిది కానప్పుడు ఒట్టు మాత్రం వానిదెట్ల అవుతాదబ్బా?" అన్నారు నాయుడుగారు. సభ చప్పట్లు కొట్టింది.

ఇన్స్పెక్టరు పదవి యతిరాజులు అయ్యవారికి దక్కింది. ఆయన బడిలో సైన్సు చెబుతారు. ఆ బడికి కరెంటు లేదు గనక కరెంటు మీద ఆయన చెప్పిన పాఠం తప్పని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేకపోయారు. అంతకంటే పెద్ద అర్హత మరొకటి ఉంది. ఒకసారి పెళ్ళిపందిట్లో వేలాడుతున్న తీగను పూలదండ అనుకుని ఆయన పట్టుకున్నారు. అదీ ఆయన్ని పట్టుకుంది. ఏమనుకుందో ఏమో, కాసేపటికి వదిలేసింది. కరెంటును కలిసి తిరిగి వచ్చిన మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారని నాయుడుగారు అడిగారు. నిజమే, ఎవరూ లేరు.

పదవితో పాటు ఒక టోపీ కూడా ఇచ్చారు. సామాను సర్దుకునే తొందరలో ఏ దొరో వదిలేసి పోయిన టోపీ అది. ముందుకు లాగితే నామం కనిపించలేదు, వెనక్కి తోస్తే పిలక మీద ఆగి ఊగింది. తనకు కరెంటు గురించి తెలిసిందల్లా దీపం వెలిగి ఆరేలోగా చెప్పేయవచ్చని అయ్యవారికి బాగా తెలుసు. అయినా టోపీతో అద్దంలో చూసుకుంటే ఎంతో కొంత తెలిసినవాడిలాగే కనిపించారు. ఆయనకు అది చాలింది.

అయ్యవారు కాపురముండేది నాయుడుగారి వఠారంలోనే, చివరి ఇంట్లో. వెనక ప్రహరీ, దాని అవతల నాయుడుగారి మేడ. అయ్యవారి చూరు కింద నుంచి ఒక తీగ బయలుదేరి ప్రహరీ దాటి మేడ మీదికి పోతుంది. ఆ తీగ ఏమిటని భార్య అమృతవల్లి ఒకనాడు అడిగితే, అది నాయుడుగారి రేడియో తీగ అని ఆయన తేల్చేశారు. బడి పిల్లల్ని కూడా పిలుచుకొచ్చి, ఢిల్లీ మాటలు దాంట్లో ఎట్లా పాకుతూ వస్తాయో వివరించారు.

ఆ వఠారాన్ని యాత్రికులకు లాడ్జీ చేయాలని నాయుడుగారి బావమరిది కలలు కంటున్నాడనీ, అద్దెకున్నవాళ్ళను ఊరికే లేపడానికి చట్టం అడ్డమొస్తోందనీ ఊరంతా ఎరుగుదురు. కానీ ఒక మాటకు ఇంకో మాట ముడిపెట్టడం మర్యాద కాదు. ఎవరూ ముడిపెట్టలేదు.

నాయుడుగారు కారులో కాణిపాకం పోయి ప్రమాణం చేసి, ప్రసాదంతో తిరిగి వచ్చారు. మేడ తలుపు మీద తెల్ల గీత పడింది. సంస్కరణ అనేది మన ముంగిట్లోంచే మొదలు కావాలి గనక తనిఖీ తన వఠారంతోనే ఆరంభించమని సెలవిచ్చారు.

మొదటి ఇల్లు జ్ఞానాంబగారిది. ఆవిడ పరమ నిష్ఠాపరురాలు. స్విచ్చు వంటింట్లో ఉంది, వంటింట్లో పొయ్యి మీద పప్పు ఉంది. మడి లేనివాడు గడప దాటితే ఆ పప్పు దేవుడికి పనికిరాదు.

"తనిఖీ చేసుకో నాయనా, నేను వద్దంటినా? బావికాడ రెండు చెంబులు పోసుకోని తడిబట్టతో రా" అన్నదావిడ.

అయ్యవారు వైష్ణవులు. మడిని కాదనలేరు. తల మీద టోపీ, ఒంటి మీద నీళ్ళోడుతున్న పంచెతో లోపలికి వెళ్ళి ఇత్తడి స్విచ్చు మీద వేలు పెట్టారు. టోపీ పోయి మజ్జిగ కుండలో పడింది. అయ్యవారు వచ్చి ఊరగాయ జాడీల మధ్య పడ్డారు. అపాయం ఉన్నట్టు ఇంతకంటే రుజువేం కావాలి? తేరుకున్నాక, ఇన్నాళ్ళుగా ఈ స్విచ్చుతో ఎట్లా బతికారని ఆవిడనడిగారు. తీగలు లాగినవాళ్ళు ఎవరెవరో చేతులు పెట్టిన మైల వస్తువును ఎవరైనా ముట్టుకుంటారా, తాను కొయ్య తెడ్డుతో నొక్కుతానని ఆవిడ చెప్పింది. అయ్యవారు ఎర్ర గీత గీసి, మజ్జిగ వార్చేసి టోపీ పెట్టుకున్నారు.

రెండో ఇల్లు కాంపౌండరు జయరావుగారిది. వాళ్ళు క్రైస్తవులు. మడి మాట లేదు సరిగదా, కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. అయ్యవారు పొడి పంచె మార్చుకుని స్విచ్చు నొక్కారు. దీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది. ఆ సౌఖ్యానికి మురిసిపోయి తెల్ల రంగులో కుంచె ముంచబోతుండగా వాకిట్లోంచి నాయుడుగారి గొంతు వినిపించింది.

"ఆగండి అయ్యవారూ. ఆయమ్మ ఇంట్లో తడిబట్టతో సూసి, ఈడ పొడిబట్టతో సూస్తారా? మతానికొక రూలు పెడితే ఈ స్వతంత్రం ఎందుకు తెచ్చినట్టు?"

మతసామరస్యం ముందు ఎవరు నోరెత్తగలరు? పాపం, జయరావుగారే బావిలోంచి నీళ్ళు తోడి ఇన్స్పెక్టరు నెత్తిన పోశారు. వైద్యం తెలిసిన మనిషి గనక అయ్యవారు ఎటు పడతారో అంచనా కట్టి ఒక పరుపు కూడా వేయించారు. అంచనా సరిపోయింది. ఎర్ర గీత పడింది.

ఆపైన ప్రతి ఇంటి దగ్గరా ఇదే తంతు. జనం పోగయ్యారు. ఉడికించిన శనక్కాయల గంప ఒకటి వచ్చి కూర్చుంది. స్విచ్చు ఇంకా జానెడు దూరంలో ఉండగానే కేక పెట్టే నేర్పు అయ్యవారికి అలవడింది. చూసేవాళ్ళు ఈలలు వేస్తుంటే ఆయనకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు?

వఠారానికి చివర ఉన్నది తన ఇల్లే. ఆ సంగతి ఆయన ఎరగక కాదు, టోపీ కింద దానికి చోటు చాల్లేదు. గుమ్మంలో అమృతవల్లి చెంబుతో నిలబడి ఉంది. అందరికీ వినపడేలా ఇన్స్పెక్టరుగారికి స్వాగతం చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఎర్రగీత పడితే మనం యాడికి పోయేది?"

అయ్యవారు నాయుడుగారి దగ్గరికి పోయి, ఇక్కడ ఒక్కచోట పొడిబట్టతో చూడనివ్వమని చెవిలో బతిమాలుకున్నారు. నాయుడుగారు ఆయన్ని కౌగిలించుకుని, తన ఇల్లని కూడా చూడకుండా తనిఖీకి సిద్ధపడిన త్యాగమూర్తి ఇతడని జనానికి చాటారు. అంత పొగడ్త విన్నాక వెనక్కి తగ్గడం అయ్యవారి జన్మలో లేదు. అమృతవల్లి నీళ్ళు పోసింది. ఆయన స్విచ్చు ముట్టుకున్నారు, పడ్డారు, లేచి తన తలుపు మీద ఎర్ర గీత గీశారు. గీత వంకరపోయింది. కరెంటు దెబ్బకనుకున్నారు చూసినవాళ్ళు.

ఆ వారం వఠారంలో అందరూ మూటలు కట్టుకున్నారు. అయ్యవారిని ఎవరూ తిట్టలేదు, అదే ఆయనకు కష్టంగా తోచింది. జయరావుగారు పలకరించి, దెబ్బలకు మందు కూడా ఇచ్చారు. అమృతవల్లి గిన్నెలు గోనెసంచిలో సర్దుతూ, ఆ టోపీలో కూడా నాలుగు పడతాయేమో అడిగింది.

కరెంటు ఆపే మహోత్సవానికి మదరాసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన గౌరవార్థం నాయుడుగారి మేడ నిండా రంగు బల్బులు పెట్టారు. మేడ మీద రేడియో ఊరంతా వినేలా వార్తలు చెబుతోంది. పొద్దుగుంకింది. దండలు, ఉపన్యాసాలు అయ్యాయి. వఠారం మొదట్లో గోడకున్న పెద్ద స్విచ్చును నాయుడుగారు పేదల ప్రాణరక్షణ కోసం కిందికి లాగారు.

వఠారం చీకటైంది. ప్రహరీ అవతల రంగు బల్బులన్నీ కూడా ఆరిపోయాయి. రేడియో ఒక వార్త సగంలో ఆగింది. పక్క వీధిలో దీపాలు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి.

"ఏమి నాయుడూ, ఆర్పింది ఈ వఠారానికే కదా?" అన్నారు చీకట్లో పెద్దమనిషి.

అయ్యవారు తల పైకెత్తి తన చూరు వైపు, అక్కడి నుంచి మేడ మీదికి పోయే రేడియో తీగ వైపు చూశారు. మేడలో వెలిగేది నాయుడుగారి కరెంటే కాదు గనక కాణిపాకంలో చేసిన ప్రమాణంలో వీసమెత్తు అబద్ధం లేదని అయ్యవారికి అప్పుడు బోధపడింది. బడి పిల్లలు గుర్తొచ్చి సిగ్గేసింది.

"అయ్యవారూ" అన్నారు నాయుడుగారు, స్విచ్చు మెల్లగా పైకి ఎత్తుతూ. "ఇంగొక్కసారి పరీక్ష సేయండి."

జయరావుగారు అలవాటు కొద్దీ చెంబు అందుకున్నారు.

"నీళ్ళొద్దు. పొడిబట్టతో."

అయ్యవారు పొడి పంచె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. జ్ఞానాంబగారు మాత్రం మడి లేనిదే లోపలికి రానివ్వనన్నది గనక ఆవిడే తెడ్డుతో నొక్కి చూపించింది. ఎక్కడా అపాయం కనిపించలేదు. నాయుడుగారు మళ్ళీ వేదికెక్కి, ఈ వఠారంలోనుంచి ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదనీ, లాడ్జీ మాట తన ముందు ఎత్తవద్దనీ ప్రకటించారు. "ఈ బిడ్డలు ఈడ్నించి పోతే మా ఇంటి వెలుగే పోతాది" అంటూ తన మెడలో దండ తీసి అయ్యవారి మెడలో వేశారు. అద్దెకున్నవాళ్ళ మీద ఇంత ప్రేమ ఉన్న యజమానిని మదరాసులో కూడా చూడలేదని పెద్దమనిషి కళ్ళు ఒత్తుకున్నారు.

ఇక గీతలు మిగిలాయి. ఎర్ర గీత చెరపాలంటే సంఘం తీర్మానం కావాలి, సంఘం అప్పటికే భోజనాలకు లేచింది. అయ్యవారు ఎర్ర గీతను అట్లాగే ఉంచి, ఇటొక తెల్ల గీత, అటొక తెల్ల గీత గీసుకుంటూ పోయారు.

మర్నాడు పొద్దున కొండ దిగి వచ్చిన యాత్రికులు వఠారం ముందు ఆగారు. వరసగా ఇంతింత నామాలున్న తలుపులు చూసి చెప్పులు విడిచి, గుండ్లు వంచి దండాలు పెట్టారు. జయరావుగారి గడప మీద ఒకామె కర్పూరం వెలిగించింది. ఆయన చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, దీన్ని ఎప్పుడు చెరుపుతారని అయ్యవారిని నెమ్మదిగా అడిగారు. వచ్చే తనిఖీలో చూద్దామన్నారు అయ్యవారు.

లోపల అమృతవల్లి గోనెసంచిలోంచి గిన్నెలు తీసి మళ్ళీ అటక మీద పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. యాత్రికులు ఆయన తలుపు ముందుకు కూడా వచ్చి చేతులు జోడించారు. అయ్యవారు టోపీ తీసి చంకలో పెట్టుకుని, వాళ్ళ వెనక నిలబడి తానూ ఒక దండం పెట్టుకున్నారు.