కింది పోర్షన్ మనిషి

శనివారం పొద్దున్నే గేటుకు పోస్టరు అంటించి, ఆ తర్వాతే కాఫీ తాగుదామనుకున్నాడు గంగాధరరావు. ‘అనుమానం వస్తే పోలీసులకు ఫోన్ చేయండి’ అన్న పోస్టరది, కింద నంబరు. నాచారంలోని ఆ కాలనీలో ఇంటికొకటి పంచారు. ఈయన మాత్రం దాన్ని జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి రెండింతలు పెద్దది చేయించాడు. ఎదురింటి మహిపాల్ గేటు మీదున్నదాని కంటే పెద్దగా కనబడాలి కదా మరి!

అసలు బాధంతా మహిపాల్ శాలువాతోనే. పక్క వీధిలో దొంగ పేరుతో అద్దెకు దిగినవాడొకడు నాలుగిళ్లు దోచుకుపోయాక, పోలీసులు నెలనెలా కాలనీలో మీటింగు పెడుతున్నారు. అందరికంటే ముందు నలుగురు కిరాయిదారుల వివరాల ఫారాలు ఇచ్చాడని కిందటి నెల ఎస్సై త్రివేణి మహిపాల్‌కు శాలువా కప్పింది. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో చూసినప్పటి నుంచి గంగాధరరావుకు అన్నం సహించడం లేదు. అసూయే, దానికి ఇంకో పేరెందుకు? ముప్పై నాలుగేళ్లు సర్కారీ ల్యాబులో ఫారాలు నింపిన తనను, ఫారాల విషయంలోనే ఒక హార్డ్‌వేర్ షాపు ఆసామి దాటిపోవడమా! రేపటి మీటింగులో శాలువా తనకే పడాలి.

చిక్కేమిటంటే ఆయన పై పోర్షన్‌లో అద్దెకున్నది పవన్‌కుమార్, ఆమని ఇద్దరే. వాళ్ల ఫారాలు ఎప్పుడో ఇచ్చేశాడు. ఇక అంకె పెంచడానికి గేటు దాటిన ప్రతి మనిషి వివరాలూ రాయడం మొదలుపెట్టాడు. పాలవాడు నవ్వి ఊరుకున్నాడు. పనిమనిషి మాత్రం ఫొటో అనగానే చీపురు అక్కడే పడేసి వెళ్లిపోయింది.

పదింటికి ఆమని తండ్రి కామరాజు పాలకొల్లు నుంచి పనసకాయతో ఆటో దిగాడు. కూతురూ అల్లుడూ కూరగాయలకు ఉప్పల్ వెళ్లారు. గంగాధరరావు ఆయన్ని మెట్ల దగ్గరే ఆపి, పోలీసుల తరఫున అడుగుతున్నానని చెప్పి ఆధార్ తీసుకుని, గోడకు నిలబెట్టి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీశాడు.

కామరాజు జాగ్రత్తపరుడు. పోలీసులమని చెప్పి ఆధార్ కాజేసే మోసగాళ్ల గురించి రోజూ పేపర్లో చదువుతాడు. గేటు మీద అంత పెద్ద అక్షరాల్లో నంబరు కనబడుతుంటే ఆలస్యం దేనికని, గంగాధరరావు లోపలికెళ్లగానే పనసకాయ కింద పెట్టి ఫోన్ చేశాడు.

పావుగంటలో ఎస్సై త్రివేణి ఇద్దరు కానిస్టేబుళ్లతో దిగింది. తనను మెచ్చుకోవడానికే వచ్చారనుకుని గంగాధరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఎదురొచ్చాడు. పోలీసుల పేరుతో ఎవరో ఆధార్ తీసుకుంటున్నారని ఫోన్ వచ్చిందంటూ ఆమె ఇంటి కాగితాలు అడిగింది. పన్ను రసీదు మీద భార్య తారామణి పేరుంది. ఆడవాళ్ల పేరు మీదైతే లోన్ వడ్డీ తగ్గుతుందని ఆయనే అలా రాయించాడు. ఇక ఆయన ఆధార్‌లో, పదేళ్ల కిందట ఖాళీ చేసిన హబ్సిగూడ క్వార్టర్స్ అడ్రసే ఉంది.

“పైనున్నోళ్ల వెరిఫికేషన్ ఎప్పుడో అయ్యింది సార్. ఈ ఇంట్ల కాయితం లేంది మీకొక్కరికే,” అంది ఎస్సై.

గంగాధరరావు ఆశగా భార్య వంక చూశాడు. పనిమనిషి వెళ్లిపోవడంతో తారామణి అప్పటికి రెండు గంటలుగా అంట్లు తోముతోంది.

“ఉంటున్నారండీ, చాలాకాలంగా,” అంది ఆవిడ.

ఓనరు తారామణి, ఉంటున్నవారు గంగాధరరావు అని ఫారం రాశారు. ఆ మనిషిని ఎరుగుదుమని ఇరుగుపొరుగువారెవరైనా సంతకం చేయాలట. మహిపాల్‌ను పిలిచారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఫారమంతా తీరిగ్గా చదివాడు.

“సార్ మంచోడే మేడం. ఫికర్ జేయకుండ్రి, నేను పూచీ ఉంటా,” అని సంతకం పెట్టాడు.

శాలువా కప్పుకోకుండానే గంగాధరరావుకు చెమటలు పట్టాయి. ఇంతకంటే దొంగ అనిపించుకున్నా బాగుండేదనిపించింది.

మర్నాడు మీటింగులో, కట్టుకున్న మొగుడితో సహా ఇంట్లో ఒక్కరినీ వదలకుండా వివరాలిచ్చిన ఓనరుగా తారామణికి సన్మానం చేశారు. శాలువా మహిపాల్ చేతుల మీదుగా కప్పించారు. ఫొటో ఎవరు తీస్తారంటే, అనుభవం ఉందని కామరాజు గంగాధరరావును ముందుకు తోశాడు.

ఆయన ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశాడు.